నాచుకు బాయిలర్ మందు

ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. బెంగాల్‌లోని మా రైల్వే ఊళ్ళో, ఖరిదా పేట అవతల డ్రైవర్ సాబ్ ఇంటి వెనక ఉన్న ఈతకొలనులో నాచును పోగొట్టింది మా నాన్న వేయించిన బాయిలర్ మందు కాదు. నీళ్ళు తేటపడిన రోజుల్లో ఆ మందు చిటికెడైనా వాటిలో పడలేదు. పడకుండా చూసింది నేను.

మా నాన్న మాత్రం రిటైరయ్యాక కూడా, ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెబుతాడు. "డాక్టర్లు సెయ్యనేని పని బాయిలర్ మందు సేసినాది" అని కుడి మోకాలు తట్టి చూపిస్తాడు. నేను టీ గ్లాసులు అందించి, తల వంచుకుని వంటింట్లోకి వచ్చేస్తాను. మామూలుగానే నాకు మాటలు తక్కువ కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నేను హయ్యర్ సెకండరీ పరీక్షలకు చదువుతున్న చలికాలంలో, పొగమంచు దిగిన ఒక ఉదయం, లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆయన సైకిల్ చక్రం పట్టా సందులో ఇరుక్కుంది. మోకాలి పైన ఎముక విరిగింది. పిండికట్టు విప్పేసరికి ఎండలు వచ్చేశాయి. కట్టులోంచి బయటపడ్డ కాలు ఎవరో చిన్నపిల్లాడిది తెచ్చి ఆయనకు అతికించినట్టు ఉంది. మోకాలు వంగలేదు.

డాక్టరు బెంగాలీ ఆయన. రోజూ ఛాతీ లోతు నీళ్ళలో అరగంట నడవమన్నారు. నీళ్ళు బరువు మోస్తాయి, కాలు పని నేర్చుకుంటుంది అన్నారు. సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజకు ముందు మెడికల్ పరీక్ష. అందులో పాసైతే నాన్న మళ్ళీ ఫిట్టర్. కాకపోతే గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసే పని. నాన్న టూల్ బాక్స్ తాళంచెవి ఇరవై రెండేళ్ళుగా ఆయన మొలతాడుకే ఉంటోంది. గేటు పనికి మారితే దాన్ని ఇంకొకరికి ఇచ్చేయాలి. ఆ చెవి ఇచ్చేయడం కన్నా కాలు పోయినా నయమే అన్నట్టు మాట్లాడేవాడు.

ఛాతీ లోతు నీళ్ళు ఎక్కడ తెస్తాం? చెరువు మెట్లన్నీ పాకుడు పట్టి ఉంటాయి. "అక్కడ జారితే రెండో కాలూ పోద్ది" అని అమ్మ అడ్డం పడింది.

అప్పుడు వచ్చారు డ్రైవర్ సాబ్. మెయిల్ బండ్లు నడిపి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ఆయన. భార్య పోయాక పెద్ద తోట ఉన్న ఇంట్లో ఒక్కరే ఉండేవారు. తెలుగు ఆయన ఇంజిన్ మీద బొగ్గు వేసే మనవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. కళ్ళు మూసుకుని వింటే పలాస నుంచి ఇప్పుడే బండి దిగిన మనిషి అనుకోవాలి. ఆయన ఇంజిన్‌కు నాన్న ఎన్నిసార్లు మరమ్మతు చేశాడో లెక్కలేదు. మా క్వార్టర్ గుమ్మంలో నిలబడి టోపీ తీశారు.

"ఏటి ఫిట్టరూ! ఇంజిన్లు బాగుసేసీవోడివి, నువ్వే షెడ్డు కొచ్చేసినావేటి?"

"ఛాతీ లోతు నీల్లు గావాలట సాబ్. ఎక్కడ తెచ్చీది?"

"మా ఇంటి ఎనక ఈతకొట్టీ బాత్ నేదా? మా మేడమ్ కోసం కట్టించినాను. ఆవిడ పోయినాక కప్పలకిచ్చేసినాను. కప్పల్ని ఒప్పించుకుంటే నీదే."

మర్నాడు రిక్షాలో నాన్నను తీసుకుని వెళ్ళాం. కొలను పెద్దదేం కాదు. ఇరవై అడుగుల పొడవు ఉంటుందేమో. ఒక పక్క నడుం లోతు, రెండో పక్క మెడ లోతు. గోల్‌బజార్ బట్టల కొట్లో ఆకుపచ్చ వెల్వెట్ తాను విప్పి పరిచినట్టు నాచు మొత్తం కమ్మేసింది. మా అడుగుల చప్పుడుకి ఒక కప్ప దూకింది. ఆ గుడ్డ చిరిగి, నల్లటి నీళ్ళు కనబడి, మళ్ళీ మూసుకుపోయింది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

నాన్న కళ్ళు మాత్రం వెలిగాయి. మంచం పట్టాక ఆయనకు దొరికిన మొదటి పని అది. "ఇది వాషౌట్ కేసు" అన్నాడు. ఇంజిన్ బాయిలర్‌ను కొన్నాళ్ళకొకసారి ఖాళీ చేసి, అడుగు బురద తీసి, గోడలకు పట్టిన పొక్కు గీకి, కడుగుతారు. దాన్నే వాషౌట్ అంటారు. నాన్న గట్టు మీద కుర్చీ వేయించుకుని, కాలు స్టూలు మీద చాపి, ఫోర్‌మన్‌లా కూర్చున్నాడు. ఆదివారం ఇద్దరు బాబాయిలు, ఆయనతో పనిచేసేవాళ్ళు, బకెట్లతో వచ్చారు. మిగతా రోజుల్లో నేనూ అమ్మా. అడుగు గొట్టంలో ఆకులు, గుడ్డ పీలికలు, ఒక బొమ్మ చెయ్యి బయటపడ్డాయి. మోకాళ్ళ లోతు బురద ఎత్తి పోశాం. కప్పల్ని ఒక్కొక్కటే డబ్బాలో వేసి కాలువలో వదిలింది నేనే.

గోడలకు నాన్న వైరు బ్రష్షులు, ఇనుప గీకుళ్ళు తెప్పించాడు.

"ఫిట్టరూ, అది సిమెంటు. ఇనుము గాదు" అన్నారు డ్రైవర్ సాబ్ వరండాలోంచి.

"పొక్కు పొక్కే సాబ్! ఇనుముకి పడితే ఏటి, సిమెంటుకి పడితే ఏటి? గీకండి, గట్టిగా గీకండి!"

గీకాం. నాచుతో పాటు సిమెంటు మీది నున్నటి పొర కూడా లేచిపోయింది. గోడలు గరుకు కాగితంలా అయ్యాయి. అది ఎంత పెద్ద పొరపాటో అప్పుడు ఎవరికీ తెలియదు. తెల్లగా కనబడ్డాయి, అదే సంతోషం.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఎండ తగ్గేదాకా వెనక వరండాలో కూర్చునేదాన్ని. అక్కడ మేడమ్ గారి పుస్తకాల అద్దాల బీరువా ఉండేది. తాళం వేసి ఉండేది. అద్దంలోంచి పుస్తకాల వీపుల మీది పేర్లు చదువుకుంటూ, ఎవరైనా వస్తే తోటవైపు చూస్తున్నట్టు నటించేదాన్ని. డ్రైవర్ సాబ్‌తో అప్పటికి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాలుగో రోజో అయిదో రోజో వెళ్ళేసరికి బీరువాకు తాళంచెవి వేలాడుతోంది. "చదువుతావా?" అని అడగలేదు. అడిగి ఉంటే నేను వద్దనేదాన్ని. ఆయన అడగకపోవడమే నాకు జరిగిన పెద్ద ఉపకారం అని ఇప్పటికీ అనుకుంటాను.

బావి మోటారు రెండు రోజులు నడిస్తే కొలను నిండింది. నాన్న లుంగీ బిగించి, గట్టు పట్టుకుని దిగాడు. డ్రైవర్ సాబ్ ఎక్కడి నుంచో పాత గార్డు విజిలు తెచ్చి ఊదారు. "రైట్ టైమ్! స్టార్ట్!" నాన్న ఒక చివర నుంచి రెండో చివరకు నడిచాడు. నీళ్ళలో ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఆ రోజు గురించి రాసుకున్నది నా డైరీలో ఇంకా ఉంది. వారం రోజులు బాగానే సాగింది.

ఎనిమిదో రోజు నీళ్ళు లేతాకుపచ్చగా తిరిగాయి. పదో రోజుకి గోడలు జిగటగా మారాయి. గరుకు గోడల కంతల్లో నాచు వేళ్ళూనుకున్నట్టు పట్టింది.

నాన్న కంగారుపడలేదు. "బాయిలర్ నీల్లకి మందు ఎయ్యరేటి? దీనికీ ఏద్దాం" అన్నాడు. బాయిలర్‌లో పొక్కు కట్టకుండా నీళ్ళలో కలిపే తెల్లటి పొడి అది. షెడ్‌లో పాతబడి పక్కన పడేసిన సంచీ ఒకటి బాబాయి తెచ్చిచ్చాడు. రోజూ సాయంత్రం నాన్న ఎనామెల్ మగ్గుతో కొలిచి ఇస్తే నేను కొలను చుట్టూ తిరిగి చల్లేదాన్ని. నాచు తగ్గలేదు, పెరిగింది. నాన్న మోతాదు పెంచాడు. నాచు ఇంకా పెరిగింది. అప్పటికి వానలు కూడా మొదలయ్యాయి.

ఒక ఉదయం నడుస్తూ నడుస్తూ నాన్న పాదం జారింది. తల నీళ్ళలో మునిగింది. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నాన్నే గట్టు అందుకుని పైకి లేచాడు. పచ్చటి పోగులు జుట్టు నిండా. చాలాసేపు దగ్గాడు. డ్రైవర్ సాబ్ తువ్వాలు తెచ్చి భుజాల మీద కప్పారు.

ఆ సాయంత్రం నాన్న మొలతాడుకున్న తాళంచెవి విప్పి దేవుడి పటాల దగ్గర పెట్టాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"అదేటి, అక్కడెట్టినావు?"

"ఇంకో వారం డబుల్ డోసు ఏసి సూస్తాను. అప్పటికీ పోకపోతే ఆ సెవి నాకెందుకు? గేటు స్టూలుకి తాలం ఉండదు గదా."

ఆ రోజు మా ఇంట్లో పులుసు ఎవరూ రెండోసారి వేయించుకోలేదు.

ఆ వారం మొదటి రోజున, మేడమ్ గారి బీరువాలో తోటపని గురించిన పాత ఇంగ్లీషు పుస్తకం నా చేతికి వచ్చింది. బొమ్మలు బాగున్నాయని తీశాను. తామరకుంటల గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. నీళ్ళు పచ్చబడటానికి కారణం నీళ్ళలోకి చేరే ఎరువు అని, మొక్కలకు బలమిచ్చే ఫాస్ఫేట్ నాచుకూ తిండే అని రాసి ఉంది. నాది ఆర్ట్స్, ఆ మాట నాకు తెలిసినది కాదు. కానీ ఎక్కడో చదివాను. లేచి వెళ్ళి సంచీ చూశాను. మాసిపోయిన అక్షరాల్లో అదే మాట ఉంది.

నెల రోజులుగా మేం నాచుకు రోజూ సాయంత్రం అన్నం పెడుతున్నాం.

చెప్పాలి. మర్నాడు నాన్న కుర్చీ పక్కన వెళ్ళి నిలబడ్డాను. మాటలు వరసగా పేర్చుకుని వెళ్ళాను.

"నాన్నా."

"ఏటమ్మీ?"

"టీ తెమ్మంటావా?"

"తే."

సిగ్గు ఒక్కటే కాదు కారణం. ఆయన దగ్గర ఆ వేసవిలో మిగిలిన ఆస్తల్లా ఆయనకు తెలిసిన పని. కాలు పోయింది, వర్క్‌షాప్ గేటు ఆయనకు మూసుకుంది, మంచం దిగడానికి అమ్మ భుజం కావాలి. బాయిలర్ సంగతి మాత్రం ఆయనకు తెలుసు. పుస్తకంలో చదివానని చెప్పి అదీ లాగేసుకోవడం నాకు చేతకాలేదు. డైరీలో రాసుకున్నాను. రాస్తుంటేనే ఏం చెయ్యాలో తోచింది.

బావుల్లో బ్లీచింగ్ పౌడర్ వేయడం మా క్వార్టర్లలో చూసిందే. ఎలా కలపాలో, ఎంత వేయాలో బీరువాలోని ఇంటిపనుల పుస్తకం ఒకటి చెప్పింది. గోల్‌బజార్‌లో కొట్టుకు ఒంటరిగా వెళ్ళడం అదే మొదటిసారి. మాట్లాడక్కర్లేకుండా చీటీ రాసుకుని వెళ్ళాను. కొట్టు యజమాని దాన్ని చదివి, ఇంత బ్లీచింగా, పేటంతా కడిగేస్తావా అని వీధికంతా వినబడేలా హిందీలో అడిగాడు.

"దీదీ, ఇత్నా బ్లీచింగ్? క్యా, పూరా మొహల్లా ధోయేగీ?"

చేపల బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"కువా" అన్నాను. బావి అని.

"కిత్నా బడా కువా?"

"బడా."

ఎంత పెద్ద బావి అంటే, పెద్దదేనని చేతులు బారలా చాపి కూడా చూపించానట, ఆ తర్వాత ఎప్పుడో అతనే గుర్తు చేశాడు. కొత్త డైరీ కోసం దాచుకున్న డబ్బు ఆ పొట్లానికి సరిపోయింది. ఆ ఏడు మిగతా డైరీ అంతా రైల్వే ఫారాల వెనకవైపు రాసుకున్నాను.

ఇక రోజూ ఒకటే వరస. సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగే వేళకు నాన్న మగ్గుతో మందు కొలిచి నా చేతికిచ్చేవాడు. సరిగ్గా అప్పుడే డ్రైవర్ సాబ్ ముందు వరండాలోంచి కేక వేసేవారు. "ఫిట్టరూ! టీ సల్లారిపోతన్నాది, రా!" నాన్న కర్ర పట్టుకుని వెళ్ళేవాడు. డ్రైవర్ సాబ్ టీతో పాటు పాత బండ్ల కథలు మొదలుపెట్టేవారు. బ్రేకు పట్టని బండి, వంతెన మీద ఎదురైన ఏనుగులు, పొగలో దారి తప్పిన సిగ్నల్. నాన్న ఇంటికొచ్చి అవన్నీ అమ్మకు చెప్పేవాడు. "ఆ ముసిలాయన బతికి బయటపడ్డమే గొప్పే" అనేది అమ్మ.

ఆ అరగంటలో నేను మగ్గులోని మందును మోటారు నీళ్ళు పారే కాలువలో తోటలోని అరటి చెట్ల వైపు వదిలేసేదాన్ని. పంపు గది వెనక బకెట్లో కలిపి పెట్టిన బ్లీచింగ్ నీళ్ళ మీది తేట తీసి కొలనులో పోసేదాన్ని. తర్వాత కొబ్బరిపీచు బ్రష్షుతో గోడలు రుద్దేదాన్ని. ఇనుముతో గీకిన కంతలు కదా, ప్రతి కంతలోంచీ నాచును పీచుతోనే తోడుకోవాలి. చేతుల చర్మం పొట్టు లేచింది.

ఆ నీళ్ళు నాన్న ఒంటికి పడతాయో లేదో అన్న భయం ఇంకొకటి. అందుకని తెల్లవారగానే, ఎవరూ లేవకముందు, వెళ్ళి ముందుగా నేను దిగేదాన్ని. అంతకు ముందు నేను బకెట్ కన్నా పెద్ద నీళ్ళలో దిగిన దాన్ని కాదు. మొదటిరోజు సల్వార్ గాలి బుడగలా ఉబ్బి నన్ను పైకి లేపింది. గట్టు వదలకుండా అరగంట నిలబడ్డాను. చర్మానికి ఏమీ కాలేదు. కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఏటే ఆ కల్లు? మల్లీ ఆ పుస్తకాలేనా? సదివి సదివి గుడ్డిదానివైపోతావు సూడు" అంది అమ్మ.

నాలుగో రోజుకు పచ్చదనం పాలిపోయి, నీళ్ళు బియ్యం కడుగులా మారాయి. చచ్చిన నాచు అడుక్కు దిగింది. పాత చీర ముక్కతో వలలా పట్టి తీశాను. ఆరో రోజు మధ్యాహ్నం రుద్దుతుండగా చిట్లి కొలను అడుగున పడిన నా గాజు ముక్క పైనుంచి కనబడింది.

"సూసినారా సాబ్! డబుల్ డోసు!" అని నాన్న కర్ర ఎత్తి ఊపాడు.

డ్రైవర్ సాబ్ నీళ్ళ వైపు చూశారు. తర్వాత ఎందుకో తోట వైపు చూశారు. "సూసినాను ఫిట్టరూ. మంచి మందే" అన్నారు. జేబులోంచి విజిలు తీసి ఊదారు.

ఆ సాయంత్రం నాన్న చెవి తీసి మళ్ళీ మొలతాడుకు కట్టుకున్నాడు. వర్షాకాలమంతా ఆ కొలనులోనే నడిచాడు. రెండు చివరల మధ్య పది సార్లు, ఇరవై, నలభై. నేను రోజూ రుద్దుతూనే ఉన్నాను. తెల్లవారుజామున దిగి దిగి నాకు నీళ్ళ మీద తేలడం వచ్చేసింది. ఆకాశం వైపు చూస్తూ, చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఏదీ వినబడకుండా పడుకోవడం ఎంత బాగుండేదో! ఎవరూ నన్ను ఏమీ అడగని చోటు అది.

మెడికల్‌లో నాన్నను గొంతుకూర్చోమన్నారు, మెట్లు ఎక్కమన్నారు, బరువు ఎత్తమన్నారు. అన్నీ చేశాడు. విశ్వకర్మ పూజ రోజు వర్క్‌షాప్‌లోకి ఇంటివాళ్ళను రానిస్తారు. నాన్న బెంచీ దగ్గర టూల్ బాక్స్ తెరిచి ఉంది. స్పానర్లు, సుత్తులు, ఫైళ్ళు కడిగి వరసగా పేర్చాడు. అందరిలోకీ పెద్ద స్పానర్‌కు బొట్టు నన్ను పెట్టమన్నాడు. "ఈ గుంట సేతుల్తో రుద్దితేనే గదా నాను మల్లీ ఇక్కడ నిల్సున్నాను" అని బాబాయిలతో అన్నాడు. నిజం చెప్పేద్దామనుకున్నాను. కుంకుమ గిన్నెలోకి చూస్తూ ఇంకో బొట్టు పెట్టాను. ఆ మాట చాలు అనిపించింది. ఇప్పుడూ అదే అనిపిస్తుంది.

ఆ చలికాలంలో డ్రైవర్ సాబ్ తోట నుంచి మా ఇంటికి ఒక అరటిగెల వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చారు. అంత గెల మా వీధిలో ఎవరూ చూడలేదు.

నాలుగైదేళ్ళ తర్వాత డ్రైవర్ సాబ్ ఇల్లు అమ్మేసి దక్షిణాదిలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయారు. బీరువా పుస్తకాలు మా ఇంటికి పంపారు, ఒక ముక్క చీటీ కూడా లేకుండా. స్టేషన్‌కు నాన్నా నేనూ వెళ్ళాం. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు, టోపీ ఒళ్ళో పెట్టుకుని. నాన్న సీసాలో నీళ్ళు పట్టడానికి కుళాయి దగ్గరకు వెళ్ళాడు. కాలు కుంటడం లేదు. ఇద్దరం ఆ నడకనే చూస్తున్నాం. అప్పుడు ఆయన కిటికీ కమ్మీల మీదకు వంగి, మెల్లగా అన్నారు. ఆ తర్వాత నాన్న వచ్చేశాడు, బండి కదిలింది. ఆయన నాతో అన్న ఆఖరి మాటలు అవే.

"బాయిలర్ మందుకి వాసన నేదు గుంటా. నలబై ఏల్లు ఆ ఆవిరి పీల్సినోడిని, నాకు తెలదేటి? ఆ యేడు నా బాత్ ఆస్పత్రి వాసనేసినాది. అరిటిసెట్టేమో ఏనుగు లాగ పెరిగినాది. మీ నాన్నని ఆ అరగంట టీ కాడ కూకోబెట్టీడానికి ఎన్ని జరగని కతలు సెప్పినానో! ఒక్క ఏనుగునీ నాను వంతెన మీద సూడనేదు."